దిబ్బ మీద పట్టిన చేప ఏ రేవులో దించాలి, ఎవరికి అమ్మాలి?

అడిగిన సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్తాను. శ్రీశైలం వెనక జలాల్లో, సంగమేశ్వరం దగ్గర నీళ్లు తగ్గాక బయటపడిన ఒక దిబ్బ మీద ఈ తమ్ముడు, వాళ్ల బావ గుడారాలు వేసుకుని సంక్రాంతి నుంచి తొలకరి దాకా ఉంటారు. రెండు పుట్టీలు (గుండ్రటి తెడ్డు పడవలు), తంగూసు (సన్న నైలాను దారం) వలలు. దినానికి ముప్పై, నలభై కిలోలు పడుతున్నాయి. ఎదురు ఒడ్డుకు ఒకే ఒక సావుకారి వస్తాడు, పట్టిందంతా ఆయనకే పోస్తున్నారు. వలలకు డబ్బిచ్చింది కూడా ఆయనే. "కర్నూలులో జనం కొనే ధరలో మాకు సగం కూడా రావడం లేదన్నా. ఇంకెక్కడ దించాలి, ఎవరికి అమ్మాలి?" అని అడిగాడు.

తమ్ముడూ, 1981లో డ్యాము నిండినప్పుడు మా ఊరు మునిగింది. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. సేద్యం పోయింది కాబట్టి మా నాయన ఆ నీళ్లలోనే వల వేశాడు, నేను పుట్టి తిప్పాను. ముప్పై ఏళ్లు అదే పని. ఆ తర్వాత మా మత్స్యకార సంఘం లెక్కలు చూశాను. నువ్వు ఇప్పుడు పడుతున్న బాధ నేను అక్షరం పొల్లు పోకుండా పడ్డవాణ్ణి. అందుకే కొంచెం పొడుగ్గానే చెప్తాను.

ఎవరికి అమ్మాలి అనే మాట తర్వాత చూద్దాం. ఎక్కడ దించాలో ముందు తేల్చుకో. చేప ఒడ్డుకు తాకిన చోటే దాని ధర సగం తేలిపోతుంది.

సముద్రం మీద బతికేవాళ్లకు రేవు ఒకచోటే ఉంటుంది. పొద్దున పోయినా, ఏడాది తర్వాత పోయినా అదే జెట్టీ, అదే వేలం పాట. మన నీళ్లు అట్ల కాదు. డ్యాము నిండితే 885 అడుగులు. ఎండాకాలం వచ్చేసరికి కాలువలకు, కరెంటుకు, ఎత్తిపోతలకు తోడేసి ఏ 810 దగ్గరకో దించుతారు. ఎత్తులో డెబ్బై, ఎనభై అడుగులు తగ్గితే, చదును నేల మీద ఒడ్డు ఎన్ని మైళ్లు వెనక్కి పోతుందో నీకు నేను చెప్పనక్కర లేదు. దీపావళికి తారు రోడ్డు పక్కనే పుట్టి కట్టిన చోటు, ఉగాదికి ఎండిన బీడు. నీళ్ల అంచుకూ రోడ్డుకూ మధ్య మోకాలి లోతు ఒండ్రు. పైన ఎండి పగిలినట్టు కనిపిస్తుంది, కాలు పెడితే దిగబడుతుంది. నలభై కిలోల బుట్ట తల మీద పెట్టుకుని ఆ బురదలో నడిచి రోడ్డెక్కడం కంటే, ట్రాక్టరు తెచ్చుకుని నీళ్ల అంచు దాకా వచ్చినవాడికి ఎంతకైనా పోసేద్దాం అనిపిస్తుంది. నీ సావుకారి బలమంతా అక్కడే ఉంది. ఆయన కొనేది చేపనే అనుకోకు, నీ అలసటను కూడా కొంటున్నాడు.

కాబట్టి రేవును ఏడాదికి ఒకసారి ఎంచుకుంటే కుదరదు. నీళ్లు దిగే కొద్దీ మార్చుకుంటూ పోవాలి. మేము ఏం చేసేవాళ్లమంటే, పేపర్లో డ్యాము మట్టం రోజూ చూసి గోడ మీద బొగ్గుతో రాసుకునేవాళ్లం. ఇప్పుడు ఫోన్లోనే తెలుస్తుంది. వారం రోజుల్లో మూడు, నాలుగు అడుగులు దిగుతోందంటే, ఇంకో పది రోజుల్లో ఇప్పటి రేవు పనికి రాదని అర్థం. ముందే పోయి రాతి నేల, గులక నేల ఎక్కడ తేలుతుందో చూసుకోవాలి. మునిగిన ఊళ్ల పాత బండి బాటలు చాలాచోట్ల ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. ఆ ఊళ్ల ముసలివాళ్లను అడిగితే ఏ బాట ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్తారు. ఆ బాట నీళ్లలోకి దిగే చోటే నీకు మంచి రేవు. మేము మూడు వేసవులు అట్లాంటి ఒక పాత బాట మీదే చేపలు దించాం. ఆటో నేరుగా నీళ్ల దాకా వచ్చేది.

రేవు చూసేటప్పుడు దూరం ఒక్కటే చూడకు. నీ దిబ్బకు రెండు కిలోమీటర్ల దగ్గర ఉన్న రేవులో కొనేవాడు ఒక్కడే ఉండి, ఐదు కిలోమీటర్ల రేవులో ఇద్దరు ఉంటే, ఐదు కిలోమీటర్లు తెడ్డు వెయ్యి. కొనేవాడు ఒక్కడే అయితే అక్కడ ధర అడగడం ఉండదు, చెప్పింది వినడమే. ఇంకొకడు వచ్చి పక్కన నిలబడినా చాలు, అతను కొనకపోయినా సరే, మొదటివాడి నోట్లో నుంచి కిలోకు ఐదు, పది రూపాయలు ఎక్కువ వస్తాయి. ఇది నేను వందసార్లు చూశాను.

ఇప్పుడు చోట్ల సంగతి. పైపక్క ముచ్చుమర్రి, నెహ్రూనగర్ వైపు దించితే నందికొట్కూరు మీదుగా కర్నూలుకు దారి. నీకు కర్నూలు బజారే కావాలంటే ఇది సరైన దిక్కు. సంగమేశ్వరం, సిద్ధేశ్వరం వైపు దించితే కొత్తపల్లి మీదుగా ఆత్మకూరు. ఆత్మకూరు చిన్న బజారే గాని, గుంటూరు రోడ్డు మీద ఉంది కాబట్టి వచ్చే పోయే బండ్లు ఎక్కువ, నంద్యాల వ్యాపారులు కూడా అక్కడిదాకా వస్తారు. అవతలి గట్టున సోమశిల ఉంది. అక్కడ హైదరాబాదు గిరాకీ బాగుంటుందని మనవాళ్లు చాలామంది ఆశపడతారు. కానీ 2014 తర్వాత అది తెలంగాణ, వేరే రాష్ట్రం, లైసెన్సు వేరు, సంఘం వేరు. ఇక్కడి లైసెన్సుతో పట్టి అక్కడ దించితే రేపు గొడవల్లో నీ వల, నీ పుట్టి పోతాయి. అక్కడి సంఘంవాళ్లతో ముందే మాట్లాడుకుని, అక్కడి వ్యాపారి వాళ్ల ఒప్పుదలతో కొంటేనే ఆ పని పెట్టుకో. లింగాలగట్టులో యాత్రికులు రోడ్డు మీదే ఆగి కొంటారు, వేపుళ్లు తింటారు, ధర బాగుంటుంది, నిజమే. కానీ అది ఆనకట్టకు దిగువన ఉంది. మన పుట్టీలు అక్కడికి పోలేవు, ఆ గిరాకీ అక్కడివాళ్లదే. దాన్ని చూసి మన లెక్క వేసుకోకూడదు.

నల్లమల పక్క ఒడ్డున చాలాచోట్ల పులుల అభయారణ్యం ఉంది. అక్కడ గుడారం వెయ్యడం, పొయ్యి పెట్టడం, చేపలు దించడం అన్నీ అటవీశాఖ అనుమతి మీద ఆధారపడతాయి. మొసళ్లు కూడా ఉన్నాయి. ఆ వైపు ఒడ్డును రేవుగా లెక్కలోకే తీసుకోకు.

ఇక అసలు ముడి, అప్పు.

లెక్క కోసం ఒక మాట అనుకుందాం. సావుకారి నీకు వలలకు 30,000 ఇచ్చాడు. వడ్డీ లేదు అన్నాడు, నువ్వు సంతోషపడ్డావు. బదులుగా పట్టిందంతా ఆయనకే పొయ్యాలి, బయట ధర కంటే కిలోకు 20 రూపాయలు తక్కువ. దినానికి 40 కిలోలు అంటే 800 రూపాయలు. నెలకు 25 దినాలు వల వేస్తే 20,000. ఆరు నెలలకు 1,20,000. దీని పైన తరుగు ఉంటుంది. మా రేవులో పది కిలోలకు ఒక కిలో తరుగు కింద కొట్టేసేవాళ్లు, నీళ్ల బరువు అని. నలభై కిలోల్లో నాలుగు కిలోలు ఊరికే పోయినట్టే. ఇంత ఇచ్చాక కూడా ఆ 30,000 అట్లనే ఉంటుంది, ఒక్క రూపాయి తగ్గదు. వడ్డీ లేని అప్పు అంటే ఇదీ. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినా నెలకు 900తో పోతుంది. ఎండలో పుట్టి మీద కూర్చుని ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు అన్నం దిగలేదు. అప్పటికి పదకొండేళ్లు ఒకే సావుకారికి పోశాను.

అట్లని రేపే పోయి ఆయనతో తగువు పెట్టుకోవద్దు. ఆయన కూడా నీ చేపలు చెడిపోయిన దినం నష్టపోయినవాడే, పిల్లకు జ్వరం వస్తే రాత్రికి రాత్రి వెయ్యి రూపాయలు పంపినవాడే. మర్యాదగా కూర్చుని, "మామా, అసలు ఎంత ఉందో రాసి ఇయ్యి, దినం కొంచెం జమ చేసుకో" అని అడుగు. ఒక నోటు పుస్తకం పెట్టి, పోసిన ప్రతిసారీ కిలోలు, ధర, జమ ఆయన చేతనే రాయించు. మూడు భాగాలు ఆయనకు పోసి, ఒక భాగం నువ్వే అమ్ముకుంటానని ఒప్పించు. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే నువ్వు పూర్తిగా పోవడం కంటే వాళ్లకు అదే మేలు. వలలు, ఐసు లాంటి ఖర్చులకు మళ్లీ ఆయన దగ్గరే అప్పు చెయ్యకుండా, మత్స్యకారులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారు, బ్యాంకులో అడుగు. లైసెన్సు కాగితం, సంఘం సభ్యత్వం ఉంటే దారి సులువు. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక మన మండలాలు నంద్యాల కిందికి పోయాయి కాబట్టి కాగితాల పనికి కర్నూలు ఆఫీసు చుట్టూ తిరిగి దినాలు పోగొట్టుకోకు.

సొంత కాటా కొను. వేలాడదీసే చిన్న కాటా చాలు. అది సరిగ్గా ఉందో లేదో చూడాలంటే లీటరు సీసా నిండా నీళ్లు పోసి తగిలించు, కిలో మీద సీసా బరువు అంత చూపించాలి. అదే సీసా సావుకారి కాటాకు కూడా ఒకసారి తగిలించి చూడు. గొడవ పడక్కర లేదు, నవ్వుతూనే తగిలించు. ఆ మరుసటి దినం నుంచి తూకం తనంతట తనే సరి అవుతుంది.

ఆ ఒక భాగం నువ్వు అమ్ముకోవాలంటే ఐసు కావాలి. మా మనుషులు ఇక్కడే దెబ్బ తింటారు. కర్నూలు ఎండ నీకు తెలుసు, మే నెలలో 42 డిగ్రీలు మామూలు మాట. మునిమాపు వేసిన వలలో రాత్రి తొమ్మిదికి తగులుకున్న బొచ్చె చేప, తెల్లారి ఆరుకు నువ్వు తీసేసరికి చచ్చి ఎన్నో గంటలయి ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది. మొప్ప ఎత్తితే ఎరుపు పోయి గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. పొట్ట మీద వేలితో నొక్కితే గుంట అట్లనే నిలబడుతుంది. దానికి ఐసు వేసినా లాభం లేదు, పోయిన ప్రాణం ఐసు తేదు. అందుకే ఎండాకాలం రాత్రి ఒంటిగంటకు ఒకసారి వల చూడాలి. నిద్ర పాడవుతుంది, ఒప్పుకుంటాను. కానీ తెల్లవారుజామున బతికి ఉండగా తీసిన చేపకు, చచ్చి నానిన చేపకు కర్నూలులో ధర ఒకటి కాదు.

తీసిన వెంటనే తడి గోనెసంచి కప్పి నీడలో పెట్టు. పుట్టి అడుగున నీళ్లలో ఈదనియ్యకు, ఆ నీళ్లు కాగుతాయి. ఒడ్డుకు రాగానే మంచి నీళ్లతో కడిగి పెట్టెలో వెయ్యి. వేసవిలో కిలో చేపకు కిలో ఐసు. ఐసు బాగా నలగ్గొట్టు, పెద్ద గడ్డలు చేప మీద గాట్లు పెడతాయి. అడుగున ఒక పొర ఐసు, ఒక వరస చేప, మళ్లీ ఐసు, చివర మందంగా ఐసు. పెట్టె అడుగున ఒక రంధ్రం ఉండాలి, కరిగిన నీళ్లు పోవాలి. ఆ రంధ్రం లేకే ఎన్ని పెట్టెలు పులిసిన వాసన కొట్టాయో.

ఒకసారి నేనూ నేరుగా హైదరాబాదు రాంనగర్ మార్కెట్‌కు పంపాలని మూడు పెట్టెలు ఒక లారీలో ఎక్కించాను. పైన ఐసు దండిగా వేశాను, మధ్యలో వెయ్యలేదు. లారీ దారిలో ఆగిపోయి ఐదు గంటలు ఆలస్యంగా చేరింది. తెల్లవారి వేలం అయిపోయింది. మూడో రోజు కమీషను ఏజెంటు దగ్గర నుంచి చీటీ వచ్చింది: కూలి, కమీషను, ఐసు పోను నేనే 140 రూపాయలు బాకీ అని. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. దినానికి ముప్పై, నలభై కిలోలు పట్టేవాడికి హైదరాబాదు పని కాదు. పది పుట్టీలవాళ్లు కలిసి ఒక బండి నింపగలిగితే అప్పుడు ఆలోచించు.

నీకు కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు చాలు. అక్కడ నీకు పోటీ ఎవరో తెలుసుకో. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి చెరువు చేప ఐసు పెట్టెల్లో లారీలకు లారీలు దిగుతుంది. రోహు, బొచ్చె ధర తేల్చేది ఆ లారీలే. వాళ్లతో ధరలో పోటీ పడలేవు, పడకు. నీ చేప ఏటి చేప. తిన్నవాళ్లకు తేడా తెలుసు, బురద వాసన ఉండదు, కండ గట్టిగా ఉంటుంది. తెలిసినవాళ్లు పది, ఇరవై ఎక్కువ ఇచ్చి కొంటారు. అట్లాంటి యాభై ఇళ్లు దొరికితే నీ సొంత భాగం అమ్ముడుపోయినట్టే.

దానికి ఆదివారం ఒక్కటే చాలు. మా ఇంటావిడ కత్తిపీట పట్టుకుని మా మరిదితో కర్నూలు పోయేది. ఒక కాలనీ సందులో వేపచెట్టు కింద కూర్చునేది. ఆమె "చేపలు చేపలు" అని అరవదు. వచ్చినవాళ్లకు మొప్ప ఎత్తి చూపించి, "నిన్న రాత్రి ఏట్లో ఉన్నిందమ్మా ఇది" అనేది, అంతే. పొలుసు తీసి, ముక్కలు కోసి, తల విడిగా పెట్టి ఇచ్చేది. కోసి ఇవ్వడానికే జనం మళ్లీ వచ్చేవాళ్లు. నేను వారమంతా సావుకారికి పోసినదానికంటే ఆ ఒక్క పూట చేతికి వచ్చిన డబ్బు మాకు ధైర్యం ఇచ్చింది. మీ ఇంట్లో ఆడవాళ్లు దిబ్బ మీద వంట చేస్తూ ఉండిపోతుంటే, వారానికి ఒక్కసారి వాళ్లను బజారుకు పంపు. బేరంలో మనకంటే వాళ్లే గట్టివాళ్లు. ఇంకో మాట, 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టె ఉన్న మోటారు సైకిలుకు రాయితీ పెట్టారు. మామూలుగా 40 శాతం, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. దరఖాస్తు మీ ఇంటావిడ పేరు మీద పెట్టు. పథకం ఇంకా నడుస్తోందో లేదో, ఆ ఏడాదికి మంజూరు ఉందో లేదో ముందు కనుక్కో.

కొరమీను పడితే మాత్రం సావుకారికి పొయ్యకు. అది పైగాలి పీల్చే చేప, తొట్టిలో నాలుగు వేళ్ల నీళ్లు పోసి మీద వల కప్పితే కర్నూలు దాకా బతికే పోతుంది. బతికున్న కొరమీనుకు, చచ్చినదానికి ధరలో ఎంత తేడా ఉంటుందో బజారులో ఒకసారి నిలబడి విను. వాలుగ, పెద్ద జెల్లలకు హోటళ్లవాళ్లు ఉంటారు, వాళ్ల ఫోన్ నంబర్లు దగ్గర పెట్టుకుని, వల తీయగానే మాట్లాడు. జిలేబి, పక్కెలు లాంటి చిన్న చేపను పచ్చిగా మోసుకుపోతే కూలి కూడా రాదు. ఉప్పు పట్టించి ఎండబెట్టు. ఇసుక మీద ఆరబోయకు, పళ్లలో ఇసుక పడితే ఆ ఇంటివాళ్లు మళ్లీ కొనరు. నాలుగు కర్రలు పాతి పాత వల పరిచి దాని మీద ఎండబెట్టు, కింద గాలి ఆడాలి. వారపు సంతల్లో ఎండుచేప నిలబడి అమ్ముడుపోతుంది, ఐసు ఖర్చు లేదు.

చిన్న చేప మాట వచ్చింది కాబట్టి కడుపు మండి ఒకటి చెప్తున్నాను. కోస్తా నుంచి వచ్చిన కొన్ని గుంపులు, వాళ్లను చూసి మనవాళ్లు కొందరు, అలివి వలలు (దోమతెరంత సన్న కన్నుల లాగుడు వలలు) లాగుతున్నారు. నిషేధం ఉన్నా లాగుతున్నారు. సర్కారు వదిలిన చేపపిల్ల, ఏట్లో పుట్టిన పిల్ల, వేలెడంత కూడా లేనిది మొత్తం ఊడ్చుకుపోయి ఎండబెట్టి బస్తాల లెక్కన అమ్ముతున్నారు. కిలో బొచ్చె పిల్లల్లో ఎన్ని వందల ప్రాణాలు ఉంటాయో లెక్క వెయ్యి. అవి ఒక ఏడాది ఉంటే ఒక్కొక్కటి కిలో అయ్యేది. నీ పక్క దిబ్బ మీద అలివి లాగుతుంటే, "మనకెందుకులే" అనుకోకు తమ్ముడూ. రెండేళ్ల తర్వాత ఏ రేవులో దించాలి అని నువ్వు అడిగే అవసరమే ఉండదు, దించడానికి చేప ఉండదు. సంఘంలో చెప్పు, మత్స్యశాఖకు రాయి, పదిమంది కలిసి పో. వాళ్ల చేప కొనే వ్యాపారికి నీ చేప పొయ్యకు.

పుట్టీలో ప్రయాణం గురించి కూడా. రేవు దూరం పెంచుకోమన్నాను కాబట్టి ఇది చెప్పకపోతే తప్పు. సాయంత్రం గాలి లేస్తే మన నీళ్లు సముద్రం లెక్క అలలు కొడతాయి. నలభై కిలోల చేప, ఇద్దరు మనుషులు, తడిసిన వలలు ఒకే పుట్టిలో వద్దు. చేప తీసుకుపోయే పుట్టి తెల్లవారి గాలి లేని వేళే కదలాలి. లైఫ్ జాకెట్ వేసుకో, ఈత వచ్చినా సరే, వల కాలికి చుట్టుకుంటే ఈత పనికి రాదు. సంఘం ద్వారా ప్రమాద బీమాలో పేరు రాయించు. ప్రమాదంలో చనిపోతే ఇంటికి 5 లక్షలు వస్తాయి. మా సంఘంలో ఒక కుటుంబానికి పేరు రాయించనందుకే ఏమీ రాలేదు. ఆ తల్లి ముందు నిలబడి మాట్లాడలేకపోయాను.

ఈ ఏడాదికి ఇట్ల చెయ్యి. శివరాత్రి పోయినాక నీళ్లు ఎటు దిగుతున్నాయో చూసి, ముచ్చుమర్రి పక్కన ఒకటి, సంగమేశ్వరం పక్కన ఒకటి, రెండు రేవులు గుర్తు పెట్టుకో. ఉగాది లోపల సావుకారితో పుస్తకం రాయించు. ఏప్రిల్, మే నెలల్లో ప్రతి ఆదివారం పది, పదిహేను కిలోలు కర్నూలుకు పంపి, నాలుగు సందుల్లో నీ చేప పేరు పడనియ్యి. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది. ఆ దినం చేప తినని ఇల్లు తక్కువ. లారీ చేప కూడా ఆ దినం ధర ఎక్కుతుంది, అయినా చాలదు. ముందు మూడు రాత్రుల చేప ఐసులో దాచకు, ముందు రాత్రి పట్టిందే పంపు. ఐసు మాత్రం రెండు రోజుల ముందే చెప్పి పెట్టుకో, ఆ పొద్దున ఎక్కడా గడ్డ దొరకదు. ఆ రోజు మీ ఇద్దరి ఇళ్లలోని ఆడవాళ్లూ కత్తిపీటలు తీసుకుని చెరొక సందులో, తెల్లారి ఆరు లోపలే కూర్చోవాలి.